వందనాలంటే పలకాలి

బీనాకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. బండి కింద పడుకున్న మనిషిని పిలిస్తే, ఆ మనిషి పలక్కపోవడం.

ఒకసారి ఆమె అలా పిలిచింది. పెద్దపంజాణి రోడ్డు పక్కన ఆగిన టెంపో కింద నుంచి భర్త ప్రకాష్ బాబు కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. ఆమె చంకలో ఐదు నెలల పాప, చేతిలో అన్నం క్యారియర్. జాకీ ఒరిగిపోయి అప్పటికి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. ఆటపట్టిస్తున్నాడేమో అనుకుని ఆమె నవ్వింది కూడా. ఆ నవ్వుకు ఆమె తనను తాను ఇంకా క్షమించుకోలేదు.

అది జరిగి నాలుగేళ్ళు దాటింది. పాప హర్షిత బడికి పోతోంది. బీనాకేమో ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువు మాన్పించి పెళ్ళి చేశారు. ఉద్యోగమంటే దారి కనపడలేదు. అత్త సుగుణమ్మ మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆయా. కోడలిని పుట్టింటికి పంపలేదు. కుట్టు మిషన్ ముందు కూర్చోబెట్టింది. జాకెట్లు కుట్టేవాళ్ళు వీధికి నలుగురున్నారని బీనా కారు సీటు కవర్లు నేర్చుకుంది. ఇప్పుడు బెంగళూరు రోడ్డు మీద మధుసూదన్ సీటు కవర్ల షాపులో కుడుతోంది. ఊళ్ళో ఆమె కుట్టిన కవరు ఎక్కని టాక్సీ లేదు. కారు సీటు కుట్టినంతసేపూ కుట్టేది, కారు కిందికి మాత్రం ఎప్పుడూ తొంగి చూసేది కాదు.

పుంగనూరు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. పాత ఫియట్‌కు సీటు కవర్లు కావాలట. సీట్లు ఊడదీసి ఆటోలో వేసి పంపిస్తానన్నాడు.

“ఊడదీస్తే కొలత రాదు సార్. సీటు కార్లో ఉండంగానే కొలవాల.”

“అయితే కారు వచ్చేది కాదు, మీరే రావాల. కారుకు ఇంజనే లేదు,” అన్నాడతను, అదేదో గొప్ప సంగతైనట్టు సంతోషంగా.

అలా ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, ఆమె టేపు సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కింది.

ఇంటి వెనకాల నాలుగు ఇనుప స్తంభాలు, పైన జింకు రేకులు. గోడలింకా లేవు. ఒక ప్లైవుడ్ పలక మీద స్పానర్ల ఆకారాలు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి, స్పానర్లు మాత్రం నేల మీద చెల్లాచెదురుగా పడున్నాయి. మధ్యలో లేత నీలం ఫియట్. ఆ ఫియట్ కింద నుంచి రెండు కాళ్ళు.

బీనా చేతిలోని సంచి జారి పడిపోయింది.

“బయటికి రా! రా నువ్వు బయటికి! ఇప్పుడే!”

కింద ధడేలుమని చప్పుడైంది. “అయ్యో దేవా” అని ఒక మూలుగు. ఆ తర్వాత గ్రీజు పూసుకున్న ముఖం ఒకటి, నుదుటి మీద బొప్పితో, మెల్లగా బయటికొచ్చింది.

“ఎవరు సిస్టర్? యాడన్నా అగ్గి పడిందా?”

“కారు దేని మీద నిలబెట్టినావు?”

“ఇటుకల మీద. యాల?”

“ఇటుక గోడకప్పా, బండికి కాదు! బుర్ర ఉండాదా నీకు?”

పక్కనే టీ గ్లాసు పట్టుకుని ఉన్న అతని స్నేహితుడు, చౌడేపల్లె పాల డెయిరీ వెంకటేష్, పగలబడి నవ్వాడు. “ఒరే ఐజాక్, సీట్లు కొలిసే ఆమె వస్తాదంటివి. ఈమె నీ బుర్ర కొలుస్తాందే!”

ఐజాక్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె సంచిలోంచి టేపు తీసి కారు తలుపు తెరిచింది. సీటు మీద పెట్టిన టేపు ఒక అంకె దగ్గర నిలవడం లేదు. అతను వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు.  సీట్లన్నీ కొలిచి, టేపు చుట్టుకుంటూ ఆమే చెప్పింది.

“మా ఆయన ఇట్లనే పోయినాడు.”

అంతే చెప్పి బస్టాండుకు వెళ్ళిపోయింది.

ఐజాక్‌ది కుప్పంలో ఉద్యోగం, ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాడు. శనివారం సాయంత్రం పుంగనూరు చేరి, తండ్రి మోజెస్ మాస్టారుతో కలిసి ఆదివారం చర్చికి వెళ్ళి, తిరిగి రాగానే షెడ్డులోకి దూరతాడు. తన కోసమే కాదు ఆ షెడ్డు. పాత కార్లంటే పిచ్చి ఉండి, బాగుచేసుకోడానికి చోటు లేని వాళ్ళందరి కోసం. పెద్దమండ్యం నుంచి ఒకాయన తాతల నాటి జీపుతో వస్తాడు. వెంకటేష్‌కు మారుతీ ఉంది, అది పాల క్యాన్ల వాసన వదలదు. ఒకరి స్పానరు ఇంకొకరు వాడుకుంటూ, ఒకరి బండిని ఇంకొకరు తిట్టుకుంటూ ఆదివారం గడుపుతారు.

రెండో వారం బీనా ముందు సీటు కవరు వేసి చూడటానికి వెళ్ళేసరికి ఇటుకలు లేవు. షెడ్డు మధ్యలో పొడుగ్గా గుంత తవ్వుతున్నారు.

“ఇదేంది?”

“కారు పైన నిలబడతాది, మనిషి గుంతలో నిలబడి పని చేసుకుంటాడు. ఇంగ జాకీ మాటే లేదు సిస్టర్,” అన్నాడు ఐజాక్ చెమట తుడుచుకుంటూ.

“సిస్టర్ అనొద్దురా, తర్వాత నీకే ఇబ్బందైతాది,” అన్నాడు వెంకటేష్ గుంతలోంచి.

ఐజాక్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి అతను ఆమెను ఏమని పిలవాలో తెలియక “ఇదిగో”, “ఏమండీ” అంటూ నెట్టుకొచ్చాడు.

గుంత రెండడుగుల దగ్గర ఆగిపోయింది. కింద బండ. పుంగనూరు నేలే అంత. రెండు ఆదివారాలు గడ్డపారలు వంగిపోయాయి గానీ బండ వంగలేదు. ఐజాక్ గుంత పూడ్చేసి, పొలాల గట్లకు నిలబెట్టే పెద్ద రాతి బండలు ట్రాక్టర్‌లో తెప్పించి, రెండు వరుసలుగా వాలుగా పేర్చి సిమెంట్ పోయించాడు. కారు వాటి మీదికెక్కితే కింద మనిషి కూర్చునేంత చోటు. చక్రాలు విప్పాల్సిన పనికి నాలుగు ఇనుప స్టాండ్లు కొన్నాడు. షెడ్డుకు గోడలు లేపించి, తలుపు పెట్టించి, ఎండ కొట్టే వైపు కిటికీకి పాడైపోయిన ఎక్స్‌రే ఫిల్ములు అతికించాడు. ఎవరివో చేతి ఎముకలు నీలం వెలుగులో కారు మీద పడేవి.

అయినా కింద మనిషి కనపడకుండా పోతే బీనా కొలత మర్చిపోయేది. బతికే ఉన్నావా అని ఎలా అడుగుతుంది? ఒక రోజు ఉండబట్టలేక కారు దగ్గర నిలబడి, “వందనాలు” అంది.

“వందనాలు!” కింద నుంచి టక్కున జవాబు.

చర్చి మనుషుల్లో ఆ పలకరింపు రాని వాళ్ళుండరు. ఎవరైనా వందనాలంటే తిరిగి చెప్పకుండా ఉండలేరు. మోజెస్ మాస్టారైతే నోట్లో బ్రష్షున్నా సరే, నురగతోనే బదులిస్తాడు.

బీనా ఊపిరి వదిలింది. ఐదు నిమిషాలాగి మళ్ళీ, “వందనాలు.”

“ఇందాకే చెప్తిరి కదా!”

“మళ్ళీ చెప్పకూడదా?”

“చెప్పొచ్చు, చెప్పొచ్చు. బైబిల్లో యాడా వద్దని లేదు.”

మూడోసారి కూడా ఆమె పిలిచాక అతనికి అర్థమైంది. ఆ తర్వాత ఆమె అడిగే లోపలే, పని మధ్యలో ఊరికే, “వందనాలండోయ్!” అని తనే అరిచేవాడు. వెంకటేష్ కింద ఉన్న రోజున పిలిస్తే, “మా ఇంటి దేవత బోయకొండ గంగమ్మ, అక్కా. అయినా వందనాలు!” అని వినిపించేది. పెద్దమండ్యం జీపాయన కూడా నేర్చుకున్నాడు.

సోమవారం నుంచి శనివారం దాకా ఐజాక్ కుప్పంలో. రైలు పట్టాల పక్కనే అతని అద్దె గది. రోజూ డ్యూటీ దిగాక ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. “వందనాలు. ఈ రోజు ముప్పై ఎముకలు చూసినా. అన్నీ విరిగిపోయినవే. మీ కుట్టు ఎంతవరకూ వచ్చింది?” ఆ మాట వెనకాల ప్రతిసారీ రైలు వెళ్తుండేది. మదనపల్లె ఊళ్ళో రైలు కూత వినపడదు. బీనా మిషన్ ఆపి, ఆ మెసేజ్ మళ్ళీ పెట్టుకుని, అతని మాట అయిపోయాక మిగిలే రైలు చప్పుడు కూడా చివరిదాకా వినేది. ఆ రైలు ఎటు పోతుందో ఆమెకు తెలియదు. తనకు తెలిసిన మనిషి పక్కనుంచి పోతోంది, అంతే. దాని మీద అసూయ పడటం తప్పని తెలిసీ పడేది.

బుధవారం ఎందుకంత పొడుగ్గా ఉంటుందో అని ఒకసారి సుగుణమ్మతో అంది.

“బుధవారం కాదులేమ్మే పొడుగు,” అని సుగుణమ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది, తలెత్తకుండా.

కవర్లు పూర్తయ్యే రోజు దగ్గరికొచ్చింది. పూర్తయితే పుంగనూరు పోయే పని ఉండదు. వెనక సీటుకు అంచు పైపింగ్ వంకర పోయిందని విప్పింది. మళ్ళీ కుట్టి, రంగు కలవలేదని విప్పింది.

“అక్కా, ఆ సీటు ఇప్పటికి మూడుసార్లు విప్పితివి,” అన్నాడు వెంకటేష్. “ఇంకోసారి విప్పితే రెగ్జిన్ కాదు, జల్లెడ.”

“కుట్టు సరిగా రావాల కదా వెంకటేష్.”

“కుట్టు బాగానే ఉండాది. కుట్టేవాళ్ళదే ఏదో దారం తప్పింది.”

ఆ రోజే వాన పట్టుకుంది. వెంకటేష్ పాలు పితికే వేళైందని తడుస్తూ పోయాడు. జింకు రేకుల మీద వాన పడితే పక్కన మనిషి మాట కూడా వినపడదు. ఐజాక్ ఆమె ముందుకొచ్చి ఏదో అన్నాడు.

“ఏంది?” అని అరిచింది బీనా.

“మా ఇంటికి వస్తారా అంటాండా!” అని అరిచాడతను.

“ఇప్పుడు మీ ఇంట్లోనే ఉండా కదా!”

“అట్ల కాదు! ఎప్పటికీ! మీరూ, హర్షితా!”

సరిగ్గా అప్పుడే వాన తగ్గింది. చివరి మాట వీధంతా వినపడింది. ఎదురింట్లో ఎవరో కిటికీ తెరిచారు.

బీనా నవ్వింది. మరుక్షణమే, ఇలా నవ్విన ఇంకో రోజు గుర్తొచ్చి ముఖం మాడిపోయింది. ఆమె కళ్ళు ఫియట్ కిందికి పోయాయి.

“ఒకటే అడుగుతా. మీరు బండి కిందికి పోకూడదు. ఎన్ని స్టాండ్లు పెట్టినా సరే. ఇంగెప్పుడూ.”

ఐజాక్ ప్లైవుడ్ పలక వైపు చూశాడు. ఇప్పుడు ప్రతి స్పానరూ తన గీత మీద వేలాడుతోంది. 

“సరే,” అన్నాడు.

తిరుగు బస్సులో బీనా తను గెలిచాననే అనుకుంది.

తర్వాతి ఆదివారం అతను షెడ్డుకు తాళం వేశాడు. ఆ పై వారం పుంగనూరే రాలేదు. మెసేజ్‌లు వచ్చేవి, కానీ అందులో ముప్పై ఎముకలు లేవు. “తిన్నా.” “బాగుండా.” “ఆ.” ఆమె వందనాలు పంపితే, మరుసటి రోజు ఎప్పుడో ఒక చేతులు జోడించిన బొమ్మ వచ్చేది. ఆ తర్వాత అదీ లేదు. రైలు చప్పుడైనా వినిపిస్తుందేమోనని ఆమె పాత మెసేజ్‌లు వెతుక్కునేది.

మూడో వారం వెంకటేష్ మదనపల్లె షాపుకే వచ్చాడు.

“ఏం చేస్తివక్కా వాణ్ణి? ఫియట్‌ను ఎవురికన్నా ఇచ్చేద్దామంటాడు. పెద్దమండ్యం ఆయన వచ్చి తాళం చూసి జీపు తిప్పుకుని పోయినాడు. నేను ఫోన్ చేస్తే, ఊ అంటాడు. నాకు తెలిసిన ఐజాక్ యాడ పోయినాడు?”

“నేను ఆయన మంచికే అడిగితిని,” అంది బీనా. 

“ఉండాడులే, ప్రాణంతోనే ఉండాడు. పిలిస్తే పలకడంతే.”

ఆ మాట ఆమె కుడుతూనే విన్నది. సూది వేలికి గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ ఏది జరగకూడదని మొక్కుకుందో అదే జరిగింది. ఈసారి జాకీ ఒరగలేదు. తనే తోసింది.

సాయంత్రం సుగుణమ్మ ముందు కూర్చుని అంతా చెప్పింది. సిగ్గుతో సగం మాటలు మింగింది. సుగుణమ్మకు ఆ సగం కూడా తెలుసు.

“నా కొడుకును బండి సంపలేదే,” అంది సుగుణమ్మ. ఆ విషయం ఆమె మాట్లాడటం అదే మొదలు. “తొందర సంపింది. మెత్తటి మట్టి మీద జాకీ పెట్టినాడు, తోడు ఎవుర్నీ పిలుసుకోలా. ఆ అబ్బాయి నువ్వు అరిసినావని బండలు తెచ్చి పేర్సినాడంటివే. ఇద్దురూ ఒకటి యాడైతారు?”

“నాకు భయమత్తా.”

“భయం ఉండనీ. భయపడుకుంటానే పో. కుప్పానికి బస్సుంది కదా.”

పాపతో కుప్పం బస్సెక్కింది. పుంగనూరు, పలమనేరు, వీకోట దాటారు. మధ్యలో హర్షిత రెండుసార్లు నిద్రపోయి లేచింది. కుప్పంలో ఆసుపత్రి కనుక్కుని, ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద, చేతికి కట్టుతో ఉన్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు.

“నెక్స్ట్ ఎవురు?” అంటూ తలుపు తీసిన ఐజాక్ అలాగే నిలబడిపోయాడు. వెంటనే కంగారుపడ్డాడు. “పాపకు దెబ్బ తగిలిందా?”

“పాపకు కాదు. నాకు.”

“యాడ?”

“మీ మిషన్లో కనపడే చోటు కాదులే.”

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అప్పా, నా చెయ్యి సూసేసి పంపించు నాయనా. ఆమెది తొందరగా తేలేటట్టు లేదు.”

డ్యూటీ అయ్యాక ముగ్గురూ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నారు. హర్షిత బిస్కెట్లు లెక్కపెట్టుకుంటోంది. ఐజాక్ చిక్కిపోయాడు. గోళ్ళలో గ్రీజు లేదు. ఆ శుభ్రమైన చేతులు చూస్తే బీనాకు ఏడుపొచ్చింది.

“యాల పలకడం లేదు?”

“మీరు అడిగింది ఇస్తిని కదా.”

“ఇస్తివి. దాంతో పాటు నువ్వూ పోతివి. నేను పిలుస్తాండా, నువ్వు పలకవు. అదే కదా నాకు భయం! బండి లేకుండానే అంత పని చేస్తివే!”

ఆమె మొదటిరోజు అరిచినట్టే మళ్ళీ “నువ్వు” అంటోందని ఇద్దరికీ తెలిసింది. ఎవరూ సరిదిద్దలేదు.

ఐజాక్ పట్టాల వైపు తిరిగాడు. “షెడ్డు లేకపోతే నాకు మాటలు రావు బీనా. చెప్పుకుంటే చిన్నపిల్లోడి మాట మాదిరి ఉంటాదని చెప్పలేదు. నీకంటే కారు ఎక్కువని అనుకుంటావేమోనని కూడా.”

“తప్పు అడిగితిని. ఇప్పుడు సరిగ్గా అడుగుతా, విను. ఒంటరిగా కిందికి పోకూడదు. స్టాండ్లు పెట్టినాక నేను కదిలించి చూస్తా, అప్పుడే పోవాల. పిలిస్తే పలకాల. నోట్లో స్క్రూ ఉన్నా పలకాల.”

“ఎవురు పిలుస్తారు? నువ్వు మదనపల్లెలో ఉంటివి.”

“షెడ్డులో ఎక్స్‌రేలు అంటించిన కిటికీ ఉండాదే, దాని కింద నా మిషన్ పడతాదా?”

అతను తిరిగి చూశాడు. ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. ఆగని రైలు. ప్లాట్‌ఫాం అంతా అదిరింది. అతని పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క మాటా వినపడలేదు. ఈసారి బీనా “ఏంది?” అని అడగలేదు. రైలు మొత్తం పోయేదాకా అతన్నే చూస్తూ కూర్చుంది.

“ఏమంటివి?” అంది ఆ తర్వాత.

“పడతాది అంటిని. మిషనూ పడతాది, పాపకు మంచం కూడా పడతాది.”

మోజెస్ మాస్టారుకు చెబితే ఆయన కళ్ళజోడు తుడుచుకుని, “ఆ వాన రోజే వీధంతా విన్నదమ్మా, నేను వినలేదనుకున్నారా?” అన్నాడు.

మదనపల్లె చర్చిలో మూడు ఆదివారాలు వాళ్ళ పెళ్ళి ప్రకటన చదివారు. మూడో ఆదివారం పాస్టరు అయ్యగారు అందరి వైపూ చూసి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలపమన్నారు. ఎప్పుడూ ఎవరూ లేవరు. ఆ రోజు ఆడవాళ్ళ వైపు నుంచి సుగుణమ్మ లేచి నిలబడింది.

చర్చి మొత్తం ఊపిరి బిగబట్టింది. చనిపోయినవాడి తల్లి. బీనా చీర కొంగు గుప్పిట్లో నలిగిపోయింది.

“నాకు ఒక అభ్యంతరం ఉండాది అయ్యగారూ,” అంది సుగుణమ్మ. “ఆ షెడ్డుకు ఒకే తలుపు ఉండాది. లోపల ఏదన్నా అయితే మనిషి యాడ నుంచి బయటికి రావాల? రెండో తలుపు పెట్టించినాకే తాళి కట్టమనండి.”

ముందు అయ్యగారే నవ్వారు. మగవాళ్ళ వైపు వెనక వరుసలో, ఆ రోజు మొదటిసారి చర్చికొచ్చిన వెంకటేష్ లేచి, “తలుపు నాది అయ్యగారూ! ఈ వారమే పెట్టిస్తా!” అని అరిచాడు.

రెండో తలుపు పెట్టాకే పెళ్ళయింది. బీనా, హర్షిత పుంగనూరుకు మారారు. ఐజాక్ కుప్పానికి పోయి వస్తూనే ఉన్నాడు. ఆదివారం వచ్చిందంటే ఆ షెడ్డులో కుట్టు మిషన్ చప్పుడూ, సుత్తి చప్పుడూ, వాటి మధ్య వందనాలూ ఆగవు.

రమ్మని ఎంత పిలిచినా సుగుణమ్మ రాలేదు. ఆసుపత్రిలో తన వార్డు వదలనంటుంది. డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తదు, ఇంటికొచ్చాక తిరిగి చేయడం మర్చిపోతుంది. బీనా మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, ఫోన్ వైపు చూస్తుంటుంది.

మీలో ఎవరైనా మదనపల్లె వాళ్ళుంటే, ఆ ఆసుపత్రి వైపు పోయే పని పడితే, ప్రసవాల వార్డులో సుగుణమ్మ అని అడిగి, ఒకసారి ఆమెను చూసి రండి. తిన్నావా అని అడగొద్దు, తిన్నాననే చెప్తుంది. పక్కనే అన్నం గిన్నె ఉంటుంది. మూత తీసి చూడండి.